పంతొమ్మిదో ప్రశ్న

ఆ సోమవారం ఉదయానికి మెర్సీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ప్రిన్సిపాల్ గారి సంతకం, పదకొండింటికి కొరియర్, పన్నెండింటికి రెండో సంవత్సరం వాళ్ళకి కప్ప జీర్ణవ్యవస్థ. ఆరేళ్ళ పనీ, మూడు నెలల టైపింగూ కలిసి ఇరవయ్యారు పేజీల దరఖాస్తు అయ్యాయి. ఇక మిగిలింది ఒక్క సంతకమే కాబట్టి ఆవిడ ధీమాగా ఉండటంలో తప్పు లేదు. సంతకాన్ని చిన్న పనుల్లో వేసుకోవడమే తప్పు.

మెర్సీ ఏలూరులో ఒక ఎయిడెడ్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. డిపార్టుమెంటన్నా ఆవిడే. మిగతా ముగ్గురూ రిటైరయ్యారు, వాళ్ళ పోస్టులూ వాళ్ళతో పాటే రిటైరయ్యాయి. మేడమెట్ల కింద ఒక గది, రెండు మైక్రోస్కోపులు, ఎనిమిది వందల పైచిలుకు నీళ్ళ సీసాలు, ఇదీ ఆవిడ రాజ్యం. కొల్లేటి అంచున మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో ఏటా చలికాలం చేపల ఒంటి మీద ఎర్రటి పుళ్ళు లేస్తాయి. ఎందుకో తేల్చాలని ఆవిడ ఆరేళ్ళుగా నెలకోసారి వెళ్ళి పన్నెండు చెరువుల నీళ్ళు పట్టి తెస్తోంది. అందులో ఒక వింత ఉంది. చేపలు ఎక్కువ చచ్చేది మూడో నంబరు చెరువులో. అన్నిటికంటే శుభ్రమైన నీళ్ళూ ఆ చెరువువే. అంత మంచి నీళ్ళలో అంత చెడ్డ జబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్న స్కాట్లండులో ఒక విశ్వవిద్యాలయం ప్రొఫెసరమ్మకి తెగ నచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాలూ మన కాలేజీలూ జంటగా చేసే పరిశోధనకీ బోధనకీ డబ్బిచ్చే నిధి ఒకటుంటే, ఇద్దరూ కలిసి దానికి దరఖాస్తు పెడుతున్నారు.

ఆ నిధి మెర్సీకి సరదా కాదు, అవసరం. ఇది 2008 జనవరి. జూన్ లోగా పెద్ద ప్రాజెక్టేదీ రాకపోతే మెట్ల కింద గది కంప్యూటర్ డిపార్టుమెంటుకి ఇచ్చెయ్యాలని కాలేజీ కమిటీ తీర్మానించింది. గది పోతే సీసాలు పోతాయి. సీసాలు పోతే ఆరేళ్ళూ పోతాయి.

ప్రిన్సిపాల్ పట్టాభిరామయ్య గారు రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వస్తారు. మంచి మనిషి, మెత్తని మనిషి. ఎవరికీ కాదని చెప్పి ఎరగరు, అవునని కూడా అంత తొందరగా చెప్పరు. ఏ కాగితమైనా చదవకుండానే సంతకం పెడతారు కానీ మంచి ఘడియ చూసి పెడతారు. ఆ రోజు పదీ నలభై దాకా వర్జ్యం. అది వెళ్ళేదాకా ఊరికే కూర్చోలేక, ఎన్నడూ లేనిది, ఎదురుగా తెరిచి ఉన్న పేజీ చదివారు. అది పంతొమ్మిదో ప్రశ్న ఉన్న పేజీ.

"ఏవండీ మెర్సీ గారూ, ఇదేంటండీ?" అన్నారు కళ్ళజోడు తీసి.

"ప్రాజెక్టులో ఏమేం చెడిపోయే ప్రమాదం ఉందో కనీసం ఆరు రాయమన్నారండి."

"రాయమంటే రాసెయ్యడమేనా? పడవ మునగవచ్చు. కరెంటు పోయి నమూనాలు కుళ్ళవచ్చు. రైతులు సహకరించకపోవచ్చు. ఎంతెంత మాటలండీ! శుభమా అని దరఖాస్తు పంపుతూ ఈ కూతలేంటండీ? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"వాళ్ళే అడిగారండి."

"అడుగుతారండి, వాళ్ళకేం తెలుసు? రేపు మనమ్మాయి శుభలేఖ అచ్చేయిస్తూ, అడుగున 'పెళ్ళికొడుకు పీటల మీంచి లేచిపోవచ్చు' అని వేయిస్తామా?"

పక్కనే నిలబడ్డ ఆఫీసు సూపరింటెండెంటు పాండురంగారావు తల ఊపాడు. "నిజమేనండి సార్. కిందటేడు సైకిల్ స్టాండు ప్రారంభం రోజున మన వీరాస్వామి 'రేకు ఊడుద్దేమోనండీ' అన్నాడు. మర్నాడే ఊడింది."

"మేకులు కొట్టలేదండి," అన్నాడు గుమ్మం దగ్గర అటెండరు వీరాస్వామి.

"చూశారా, మళ్ళీ అంటున్నాడు!" అన్నాడు పాండురంగారావు.

మెర్సీకి తథాస్తు దేవతలతో పరిచయం లేదు. మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. కానీ ఆవిడ ఇంట్లోనూ ప్రయాణమై వెళ్తూ "బస్సు తప్పిపోతుందేమో" అని ఎవరైనా అంటే, అత్తగారు వరమ్మ గారు వాళ్ళని గుమ్మంలో ఆపి ప్రార్థన మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెడతారు. ఆ విధంగా బస్సు నిజంగానే తప్పిపోయిన రోజులున్నాయి. అందుకని మెర్సీకి ఈ వాదన కొత్త కాదు, దీని మీద గెలవడం కుదరదనీ తెలుసు. కొరియర్ వాడు పదకొండున్నరకి వెళ్ళిపోతాడు. ఆవిడ కొత్త కాగితం తీసుకుంది.

పాండురంగారావు చెబుతుంటే కొత్త జవాబు తయారైంది. ఒకటి, పడవ గట్టిది. రెండు, కరెంటు బాగానే ఉంటోంది. మూడు, వరదలు తగ్గాయి. నాలుగు, రైతులు మర్యాదస్తులు. అయిదు, సిబ్బంది ఐకమత్యంగా ఉన్నారు. ఆరు, పెద్దల ఆశీస్సులతో అంతా సవ్యంగా జరుగుతుంది. పదీ నలభై ఒకటికి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టి, పైన చిన్న అక్షరాలతో శ్రీరామ చుట్టారు.

ఫిబ్రవరి రెండో వారంలో ఆఫీసు కంప్యూటరుకి నిధి వాళ్ళ జవాబొచ్చింది. పాండురంగారావు దాన్ని మూడు కాపీలు తీశాడు. మీ సైన్సు మొదటి శ్రేణిలో ఉంది అని మొదలుపెట్టారు. కానీ పంతొమ్మిదో ప్రశ్నకి మీ జవాబు చూసి మా పరిశీలకులు కంగారుపడ్డారు, చెడిపోవడానికి ఏమీ లేని ప్రాజెక్టు ఇరవై ఏళ్ళలో వాళ్ళు చూడలేదు అన్నారు. ప్రాజెక్టుతో సంబంధమున్న ప్రతి ఒక్కరూ విడివిడిగా, ఒకరికొకరు చూపించుకోకుండా, ఉన్నదున్నట్టు రాసి కవరు అంటించి పదిహేను రోజుల్లో పంపాలి, లేకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం అని ముగించారు.

ప్రిన్సిపాల్ గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. మెర్సీ ఆశ వదులుకుని నిలబడింది.

"రాయాల్సిందేనండి," అన్నారాయన.

"మరి అశుభం అన్నారు కదండీ?"

"అడక్కుండా అంటే అశుభమండి. పై వాళ్ళు లిఖితపూర్వకంగా అడిగాక చెప్పకపోతే అవిధేయత. పాండురంగారావు గారూ, సిబ్బందందరికీ సర్క్యులర్ వెయ్యండి."

"అందరికీ అక్కర్లేదండి. ప్రాజెక్టుకి సంబంధించి నేనూ, మీరూ, వీరాస్వామీ, మండవల్లి రైతులూ చాలండి," అంది మెర్సీ గాభరాగా.

"ఒకళ్ళని పిలిచి ఒకళ్ళని వదిలేస్తే ఏం బాగుంటుందండీ? బాధపడతారు."

సర్క్యులర్ వెళ్ళింది. చెడిపోగలవని తమకు తోచినవన్నీ గురువారం లోగా అంటించిన కవర్లో సమర్పించవలెను.

గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు ఎదుటి మనిషిని ముఖాన నొప్పించరు. ఇరవయ్యేళ్ళుగా ఆ కాలేజీలో ఎవరినడిగినా "పర్వాలేదండి" అనే అన్నారు. కాళ్ళు విరిగిన కుర్చీ ఇచ్చినా పర్వాలేదండి, ఇంక్రిమెంటు ఆగినా పర్వాలేదండి. ఇప్పుడు వాళ్ళ చేతికి అంటించడానికి వీలున్న కవరొచ్చింది. మొదటి రోజు మూడే వచ్చాయి. రెండో రోజు ఫిజిక్సు వాళ్ళు అదనపు కాగితాలు అడిగారు. లైబ్రేరియన్ విశ్వాసం గారు రాసుకోవడానికి పూటసెలవు పెట్టారు. ఎవరేం రాశారో ఎవరికీ తెలియదు కానీ, పక్కవాడు తన గురించే రాసి ఉంటాడని ప్రతివారికీ అనిపించి, ఇచ్చిన కవరు వెనక్కి తీసుకుని అనుబంధం జోడించి మళ్ళీ ఇచ్చారు. చేపల మాట ఎప్పుడో వెనకబడిపోయింది.

పాండురంగారావు సిబ్బంది అందరి గురించీ అకారాది క్రమంలో, ఫైలు నంబర్లతో సహా రాశాడు. ప్రిన్సిపాల్ గారు కమిటీ గురించి తొమ్మిది పేజీలు రాసి, ఎవరూ లోపలికి రాకుండా తలుపు వేసుకుని తనే అంటించుకున్నారు. వీరాస్వామి ఒకే ఒక్క వాక్యం రాశాడు. మొత్తం ముప్ఫై మూడు కవర్లు తేలాయి. అందరి ముఖాల్లోనూ తలంటుకున్నంత తేలిక కనిపించింది.

ఇక మిగిలింది మండవల్లి. శుక్రవారం మెర్సీ బస్సెక్కింది. చేపల రైతుల సంఘం అధ్యక్షుడు నాగేశ్వరరావు ఇల్లు చెరువు గట్టు పక్కనే. ఆయన భార్య కాంతం కాఫీ తెచ్చింది. మెర్సీ ఉత్తరం చదివి తెలుగులో చెప్పింది.

"మా వల్ల ఇబ్బందేముంటుందండీ," అన్నాడు నాగేశ్వరరావు. "ఆరేళ్ళుగా మీరేదడిగితే అదిచ్చాం."

"అలా రాస్తే మళ్ళీ నమ్మరండి. ఉన్నదున్నట్టు రాయాలి. లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, నా గది పోతుంది."

నాగేశ్వరరావు తల గోక్కున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ గబుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

"అయితే ఒక్క మాటుందండి. ఆ మూడో నంబరు చెరువు మా బావమరిది శ్రీహరిదండి. కాలవ అవతల కదండీ, మిమ్మల్ని మోకాటి లోతు బురదలో దింపలేక సీసా మేమే నింపి తెచ్చేవాళ్ళం."

"అవునండి. మీ దయ."

"ఆ నీళ్ళు ఆ చెరువువి కావండి."

మెర్సీ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "మరి ఎక్కడివండీ?"

"ఊళ్ళో మంచినీళ్ళ చెరువువండి."

"ఎన్నిసార్లండీ?"

"అన్నిసార్లూనండి."

లోపలి నుంచి కాంతం గొంతు వినిపించింది. "సీసా మీద మా తమ్ముడి పేరు రాసుకెళ్తారు కదండీ మీరు! ఆ మురికి నీళ్ళు కాలేజీలో పెడితే పిల్లలందరూ చూస్తారు, మావాళ్ళ పరువేం గానండీ? అందుకనే సీసా రెండు సార్లు కడిగి మరీ పట్టించాను."

"గుడ్డతో వడపోసి కూడానండి," అన్నాడు నాగేశ్వరరావు, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి.

మెర్సీ లేచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ వైపు నడిచింది. నాగేశ్వరరావు "అయ్యో, వద్దండీ, మేడమ్ గారూ, జారుద్దండీ" అంటూ వెనకాల పరిగెత్తాడు. ఆవిడ జారింది కూడా. నడుము దాకా బురదతో శ్రీహరి చెరువు గట్టెక్కి, బ్యాగులోంచి నీలం లిట్మస్ కాగితం తీసి నీళ్ళలో ముంచింది. బళ్ళో పిల్లలకి చూపించే పరీక్ష అది. కాగితం ఎర్రగా అయింది.

మిగతా పదకొండు చెరువుల లెక్కలూ నీళ్ళు ఎంత పులుపైతే అన్ని పుళ్ళని ఆరేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాయి. ఈ మూడో నంబరు ఒక్కటే అడ్డం పడి ఆ లెక్కనంతా తప్పు చేస్తూ వచ్చింది.

"ఈ నీళ్ళు పులుపండీ!" అంది మెర్సీ, అరిచినట్టుగా.

"అవునండి. మా మావగారి రోజుల నుంచీ అంతేనండి. గేదె కూడా మూతి పెట్టదండి."

"ఆరేళ్ళల్లో నాకు ఒక్కసారీ చెప్పలేదేమండీ?"

నాగేశ్వరరావు నిజంగానే నొచ్చుకున్నాడు. "మీరు నీళ్ళడిగారండి. రుచి అడగలేదు కదండీ. అయినా పుళ్ళు చలికి వస్తాయనుకున్నామండి."

"సున్నం చల్లండి," అంది మెర్సీ. "రేపే చల్లండి. తగ్గుద్ది."

తిరుగు బస్సులో ఆవిడకి ముందు నవ్వొచ్చింది. కైకలూరు దాటాక ఏడుపొచ్చింది. జవాబు దొరికింది, అది సంతోషం. జవాబు దొరికాక ప్రశ్న ఉండదు, ప్రశ్న లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే గది లేదు. నాగేశ్వరరావు రాసిచ్చిన కవరులో మంచినీళ్ళ చెరువు మాట లేదు. బావమరిది పేరు కాగితం మీద పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. అంటే ఆ సంగతి తను రాస్తేనే నిధి వాళ్ళకి తెలుస్తుంది, రాయకపోతే ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చి భర్త ఆనంద్ పాల్ కి చెప్పింది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు.

"రాయకపోతే ఏమవుతుంది?" అన్నాడాయన.

"గది ఉంటుందండి. మూడేళ్ళు డబ్బొస్తుంది."

"రాస్తే?"

"ఆరేళ్ళుగా మంచినీళ్ళని మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకున్నానని దేశాలు దాటి తెలుస్తుంది."

"రాస్తావులే," అన్నాడు ఆనంద్ పాల్. "తప్పు లెక్కని కొట్టెయ్యకుండా కింద గీత గియ్యడం మీ ఇంట్లో ఎవరికీ రాదు."

రాసింది. నాలుగు పేజీలు, ఏదీ దాచకుండా. అది ముప్ఫై అయిదో కవరు. పార్సిలు రెండు కేజీల పైన తూగింది.

మార్చిలో వడ్రంగి వచ్చి గది కొలతలు తీసుకున్నాడు. గడువు జూన్ దాకా ఉన్నా, ఏప్రిల్లోనే కంప్యూటర్ లెక్చరర్ సత్తిబాబు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "తొందరేం లేదండి మేడమ్. మీరు నిదానంగానే ఖాళీ చేసుకోండి. రేపు సాయంత్రానికైతే చాలండి." మెర్సీ సీసాలు ఒక్కొక్కటే బయటి మొక్కల మొదట్లో ఒంపింది. మూడో నంబరు చీటీ ఉన్న డెబ్బై రెండు సీసాలు మాత్రం వీరాస్వామి అడిగి తీసుకెళ్ళి వంటకి వాడుకున్నాడు. మంచినీళ్ళే కదా అన్నాడు.

మే మొదటి వారంలో జవాబొచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో ఫ్యాను కింద పాండురంగారావు పైకి చదివి వినిపించాడు.

"చేపల ప్రాజెక్టుకి నిధి ఇవ్వలేమండి. ప్రశ్నకి సమాధానం దరఖాస్తుదారే కనుక్కున్నారు కాబట్టి పరిశోధన అక్కర్లేదటండి. అభినందనలు చెప్పారండి."

మెర్సీ తల వంచుకుంది. ఆవిడ ఎదురుచూసిందే.

"పోనీలెండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు సానుభూతిగా. "సత్తిబాబు గారిని రమ్మనండి."

"ఇంకా ఉందండి సార్. మీరు పంపిన కవర్లను మా పరిశీలకులు నాలుగు రోజులు చదివారు. ఒక విద్యాసంస్థలో అన్నీ అందరికీ తెలిసి, ఏదీ ఎవరికీ చెప్పకుండా, ఇంత ప్రశాంతంగా రోజులు గడవటం మా పరిశీలకులకి అంతుపట్టలేదు. 'అడిగితే చెప్పేవాణ్ణండి' అన్న ఒకే వాక్యం ఉన్న ఒక కవరు మీద రెండు సమావేశాలు జరిగాయి. తెలిసిన సంగతి చెప్పకపోవడం వల్ల విజ్ఞానానికి జరిగే నష్టం అనే అంశం మీద, అదే భాగస్వామ్య నిధి కింద, మూడేళ్ళ పరిశోధన మంజూరు చేస్తున్నాం."

"భేష్!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఎవరు చేస్తారటండీ?"

"తన ఆరేళ్ళ పని తప్పని తనే రాసి పంపిన ఒకే ఒక్క వ్యక్తి అని వేశారండి. మెర్సీ గారేనండి. ఆవిడకి ఇప్పుడున్న గది మూడేళ్ళూ మార్చకూడదటండి. పరిశోధన జరిగే స్థలం..." పాండురంగారావు ఆగాడు.

"మండవల్లేనా?"

"మన కాలేజీయండి సార్."

ప్రిన్సిపాల్ గారికి ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా పాండురంగారావు గొంతు బాగా తగ్గించి చివరి పేరా చదివాడు. కాలేజీ నుంచి వచ్చిన ముప్ఫై మూడు కవర్లలో ముప్ఫై ఒకటి మొదటి ప్రమాదంగా ప్రిన్సిపాల్ గారినే పేర్కొన్నందున, అధ్యయనం ఆయనతోనే మొదలుపెట్టవలెను.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు.

"ముప్ఫై ఒక్కరాండీ?" అన్నారాయన మెల్లగా. ఆయన ముఖం చూస్తే మెర్సీకి జాలేసింది. పదకొండేళ్ళుగా ఆ మనిషికి ఎదురుపడిన ప్రతివారూ నవ్వుతూ నమస్కారం పెట్టారు.

"నేను కాదండి సార్," అన్నాడు పాండురంగారావు, ఎవరూ అడగకుండానే.

"మీకిష్టం లేకపోతే నేను వద్దని రాసేస్తానండి," అంది మెర్సీ. గది పోతుందని తెలిసే అంది, నిజంగానే అంది.

ప్రిన్సిపాల్ గారు కాగితం తీసుకుని తనే ఒకసారి చదువుకున్నారు. కాదని చెప్పడం ఆయనకి పుట్టుకతో రాదు. పైగా ఆఖరి వరుసలో ఇంకో సంగతి ఉంది. స్కాట్లండులో అచ్చయ్యే పుస్తకం కోసం ఆయన ఫొటో ఒకటి, వీలైతే నిలువుటద్దం సైజుది, పంపమన్నారు.

"కోటుతోనా, కండువాతోనా?" అని అడిగారాయన.

శ్రీహరి చెరువులో సున్నం పడ్డాక ఆ చలికాలం పుళ్ళు బాగా తగ్గాయి. సత్తిబాబు కంప్యూటర్లు లైబ్రరీ వరండాలోకి వెళ్ళాయి. పర్వాలేదండి, గాలి బాగా వస్తోందండి అన్నాడతను, మెర్సీ ఆ మాట అక్కడే నోట్‌బుక్కులో రాసుకుంది. ఇప్పుడు మెట్ల కింద గదిలో సీసాలు లేవు. ప్రతి బుధవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారే నమూనాగా వచ్చి కూర్చుంటున్నారు, మూత మాత్రం ఇంకా ఊడి రాలేదు.